లక్షల పేజీలు స్కాన్ అయ్యాయి సరే, పుస్తకం దొరుకుతుందా?

విశ్వవిద్యాలయ గ్రంథాలయం డిజిటైజేషన్ మొదలుపెట్టిందంటే చాలు, ఒక అంకె బయటికొస్తుంది. ఇన్ని లక్షల పేజీలు పూర్తయ్యాయి, వచ్చే ఏడాదికి ఇన్ని లక్షలు పూర్తి చేస్తాం అని. వార్షిక నివేదికలో అదే ఉంటుంది, నిధుల కోసం రాసే పత్రంలో అదే ఉంటుంది, ప్రారంభోత్సవంలో మైకు ముందు చదివేదీ అదే. ఆ అంకె అబద్ధమని నేననను. ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకోవడం వల్లే పని చెడుతోందని అంటున్నాను.

లెక్కపెట్టాల్సింది పేజీలను కాదు. వెతికితే దొరికే పుస్తకాన్ని, తెరిస్తే అన్ని పేజీలూ ఉన్నాయని నమ్మగలిగే పుస్తకాన్ని ఒకటిగా లెక్కపెట్టాలి. అలా లెక్కపెడితే అంకె బాగా చిన్నదైపోతుంది. పని నెమ్మదిస్తుంది. ప్రకటన చప్పగా ఉంటుంది. ఉండనివ్వండి.

నేను లైబ్రేరియన్‌ని కాను. పాత పత్రికలు, కరపత్రాలు వెతుక్కుంటూ బతికే పాఠకుణ్ణి. ఆ అవసరం కొద్దీ ఒక గ్రంథాలయంలో స్కాన్ అయిన ఫైళ్లను తనిఖీ చేసే పనిలో కొంతకాలం ఓ చేయి వేశాను. అక్కడ స్కానింగ్‌ను బయటి కాంట్రాక్టరుకు ఇచ్చారు. చెల్లింపు పేజీకి ఇంత అని. రోజుకు ఇన్ని పేజీలు లాగాలని ఆపరేటర్లకు టార్గెట్. ఈ ఒక్క నిర్ణయం చాలు, మిగతాదంతా దానంతట అదే జరుగుతుంది.

పాత కాగితం ఒకదానికొకటి అంటుకుని రెండు పేజీలు కలిసి తిరుగుతాయి. వేగంలో అది కంటికి ఆనదు. పుస్తకం మధ్యలో మడతపెట్టి అతికించిన మ్యాపు వస్తుంది. దాన్ని జాగ్రత్తగా విప్పి, పరిచి, రెండు మూడు ఫొటోలుగా తీసి, చిరగకుండా మళ్లీ మడవాలి. ఆ సమయంలో బోలెడు మామూలు పేజీలు లాగేయొచ్చు. లెక్కలో మాత్రం మ్యాపు కూడా ఒక పేజీయే. కాబట్టి అది మడతలోనే, వెనకవైపు తెల్లగా స్కాన్ అవుతుంది. బిగుతుగా కుట్టిన బైండింగ్ అయితే లోపలి అంచున ఉన్న అక్షరాలు కుట్టులోకి వంగిపోతాయి, ప్రతి పంక్తిలో మొదటి మాటో చివరి మాటో మాయం. అలా కాకుండా ఉండాలంటే వీ ఆకారపు తొట్టెలో పుస్తకాన్ని సగం తెరిచి ఉంచి, పైనుంచి రెండు కెమెరాలతో తీయాలి. అది నిదానమైన పని. ఇంకో దారి, వెన్ను కోసేసి విడి కాగితాలను ఫీడర్‌లో పెట్టడం. చాలా వేగం. పుస్తకం మాత్రం మిగలదు.

ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు. మనం దేనికి డబ్బిస్తామో అదే చేసి పెట్టాడు. పేజీకి డబ్బిచ్చాం, పేజీలు వచ్చాయి.

ఇక్కడ ఎదుటి వాదన కూడా చెప్పాలి, ఎందుకంటే అది బలహీనమైనది కాదు. వేగం లేకపోతే ఇవాళ ఆన్‌లైన్‌లో ఉన్నవాటిలో చాలా భాగం ఉండేవే కావు. మిషిగన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 70 లక్షల సంపుటాలుండేవి. అప్పుడున్న పద్ధతిలో వాటిని స్కాన్ చేయడానికి 1,000 ఏళ్లు పడుతుందన్నది అక్కడి అంచనా. గూగుల్ స్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ అక్కడే చదువుకున్నవాడు. ఆరేళ్లలో చేయిస్తానన్నాడు. 2004 డిసెంబరులో గూగుల్ ఆ పనిని బహిరంగంగా ప్రకటించింది. మిషిగన్‌తో పాటు హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ అందులో చేరాయి. ఆ ఊపులోంచే 2008లో కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి హాథీట్రస్ట్ అనే ఉమ్మడి భాండాగారాన్ని పెట్టుకున్నాయి. అందులో ఇప్పుడు కోటీ 80 లక్షలకు పైగా సంపుటాలున్నాయి. ఆ వేగాన్ని నేను చిన్నచూపు చూడను, రోజూ వాడుకుంటున్నవాణ్ణి.

కానీ ఆ వేగానికి ఏం చెల్లించారో కూడా అందరికీ కనిపించింది. పేజీల మీద ఆపరేటర్ల వేళ్లు పడ్డాయి. పుస్తకాలకు నమోదు చేసిన వివరాల సంగతి ఇంకా ఘోరం. 2009లో జెఫ్రీ నన్‌బర్గ్ అనే భాషాశాస్త్రవేత్త గూగుల్ బుక్స్‌లో తేదీలను పరీక్షించి చూస్తే, ఎన్నో పుస్తకాలకు ప్రచురణ సంవత్సరం 1899 అని పడి ఉంది. అప్పటికి పుట్టని రచయితల పుస్తకాలకు కూడా. ఒక మాట వాడుకలోకి ఎప్పుడొచ్చిందో తేల్చాలనుకునే మనిషికి అలాంటి తేదీ, తేదీ లేకపోవడం కంటే ప్రమాదం.

ఇంకో తేడా ఉంది. కోట్ల పుస్తకాల మధ్య పదాలను వెతికించడం గూగుల్ ఉద్దేశం. దానికి వంద పుస్తకాల్లో రెండు పాడైనా ఫర్వాలేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఆ సౌలభ్యం లేదు. దాని దగ్గరున్న కొన్ని పుస్తకాలకు ప్రపంచంలో మరో ప్రతి ఉండకపోవచ్చు.

అసలు విషయం ఇక్కడుంది. ఏవి స్కాన్ చేయాలి? ఈ ప్రశ్న అడగకుండానే చాలామంది మొదటి అలమర మొదటి వరసతో మొదలుపెడతారు. అక్కడ ఏముంటాయి? ప్రసిద్ధ గ్రంథాలు, నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాలు. అవి ఇప్పటికే హాథీట్రస్ట్‌లోనో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో నాలుగైదు రూపాల్లో ఉంటాయి. వాటిని ఆరోసారి స్కాన్ చేస్తే అంకె పెరుగుతుంది, లోకానికి ఒక్క కొత్త వాక్యం కూడా చేరదు.

విశ్వవిద్యాలయం దగ్గర మాత్రమే ఉండేవి వేరు. టైపు కొట్టించి బైండు చేసిన పాత థీసిస్‌లు. ఏదో ఒక విభాగం నాలుగు సంచికలు తెచ్చి ఆపేసిన పత్రిక. సభలకు వేసిన సంచికలు, ఉపన్యాసాల ప్రతులు, పరీక్షల పాఠ్యప్రణాళికలు, విద్యార్థి సంఘాల కరపత్రాలు, ఎవరో ఆచార్యుడు పోయాక కుటుంబం తెచ్చి ఇచ్చిన పుస్తకాల పెట్టెలు. అమ్మకానికి రానివి, వచ్చినా వందల్లో అచ్చయినవి. వీటిలో చాలా వాటికి కేటలాగులో సరైన నమోదు కూడా ఉండదు. అప్పట్లో ఎవరో పది కరపత్రాలను కలిపి ఒకే అట్ట వేయించి ఉంటారు. కేటలాగులో మొదటి దాని పేరే ఉంటుంది. దాన్ని అలాగే స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా పెడితే మిగతా తొమ్మిదీ రెండోసారి కనుమరుగైనట్టే. ముందు అట్టలో దాక్కున్నాయి, ఇప్పుడు ఫైలులో.

అందుకే కెమెరా దగ్గరికి వెళ్లే ముందు ఒక మనిషి కూర్చుని ఆ సంపుటాన్ని చివరిదాకా తిరగేయాలి. లోపల ఎన్ని రచనలున్నాయి, ఎన్ని పేజీలుండాలి, ఏవి ఇప్పటికే చిరిగిపోయాయి, సంచిక సంఖ్య ముఖపత్రం మీద ఒకటీ లోపల ఇంకొకటీ ఉంటే ఏది నిజం, ఇవన్నీ రాసుకోవాలి. పేజీ లేకపోతే స్కాన్‌లో పోయిందా, పుస్తకంలోనే లేదా అన్నది చదివేవాడికి తెలియాలి. ఒక్క వాక్యం చాలు: 'మూల ప్రతిలో 33, 34 పేజీలు లేవు.' ఆ వాక్యం లేక నేను ఎన్ని గ్రంథాలయాలకు ఉత్తరాలు రాశానో.

ఈ పనికి శిక్షణ ఉన్నవాళ్లు కావాలి, ఆ భాష బాగా చదవగలిగినవాళ్లు కావాలి. ఇంగ్లిష్ లిపిలో తోచినట్టు పేరు టైపు చేసి పడేసే చోట, ఒకే రచయిత నాలుగు స్పెల్లింగుల కింద నలుగురవుతాడు. వెతికే యంత్రానికి వాళ్లు నిజంగా నలుగురే.

బొమ్మ నాణ్యత గురించి ఎక్కువ చెప్పను, దాని ప్రమాణాలు తేలిపోయి చాలాకాలమైంది. ఒక్క లెక్క మాత్రం. ఏ4 పేజీని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, రంగుల్లో తీసి, ఏమీ కుదించకుండా దాస్తే సుమారు 26 మెగాబైట్లు. 300 పేజీల పుస్తకం దాదాపు 8 గిగాబైట్లు. ఈ లెక్క చూసి భయపడి, నలుపు తెలుపుల్లోకి దించి, గట్టిగా కుదించి, అదే మూల ప్రతి అని దాచేస్తారు. పెన్సిలు గీతలు పోతాయి, ఫొటోలు మసిమరకలవుతాయి. పాఠకుడికి చిన్న ఫైలు ఇవ్వండి, తప్పులేదు. దాచుకునేది మాత్రం చిన్నది కాకూడదు. కుదింపు ఎంత మోసం చేయగలదో 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త బయటపెట్టాడు. జిరాక్స్ కంపెనీ తయారుచేసిన కొన్ని యంత్రాలు స్కాన్ చేసిన పత్రాల్లో 6 అంకె కొన్నిచోట్ల 8గా మారిపోయింది. ఒకేలా కనిపించే అక్షరాలను ఒకే బొమ్మతో నింపి స్థలం ఆదా చేసే పద్ధతి చేసిన పని అది. ఎక్కడా మసకలేదు, అంకె స్పష్టంగా ఉంది, తప్పుగా ఉంది. గణాంకాల పట్టికలున్న పాత నివేదికలను అలా కుదించి దాచుకుంటే తర్వాత ఎవరు కనిపెడతారు?

ఓసీఆర్ దగ్గర, అంటే బొమ్మలోని అక్షరాలను యంత్రం గుర్తించి వెతకగలిగే పాఠంగా మార్చే పని దగ్గర, మాత్రం ఆగాలి. 99 శాతం కచ్చితత్వం అని అమ్మేవాళ్లు చెబుతారు. పేజీలో 2,000 అక్షరాలుంటే 20 తప్పులు. అవి వేరువేరు మాటల్లో పడితే 20 మాటలు చెడినట్టు. చదివేటప్పుడు మనం సర్దుకుంటాం, వెతికేటప్పుడు యంత్రం సర్దుకోదు. అదీ బాగా అచ్చయిన ఇంగ్లిష్ పేజీ సంగతి. తెలుగు లాంటి లిపిలో పాత లెటర్‌ప్రెస్ అచ్చు తీసుకోండి. అరిగిపోయిన సీసపు అక్షరాలు, సగం విరిగిన వత్తులు, పై పంక్తి వత్తు కింది పంక్తి గుడిని తాకడం. మ, య, ఘ ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం. ద కింద చిన్న గీత పడకపోతే ధ పోయినట్టే. అరసున్నలూ, బండి ఱలూ సరే, వలపలగిలక ఉందే, పాత అచ్చులో అక్షరం పక్కన వేసే ర్ గుర్తు, దాని ఆకారం అచ్చం తెలుగు తొమ్మిదే. 'ధర్మము' అని వెతికితే, వలపలగిలకతో అచ్చయిన ధర్మమంతా ఫలితాల్లోంచి జారిపోతుంది.

దీనికి మందు లేకపోలేదు. ఓసీఆర్ పాఠాన్ని అంతిమ పాఠంగా కాక చిత్తుగా చూడాలి. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఎప్పుడు తీశారో రాసిపెట్టాలి. పరికరాలు మెరుగవుతూనే ఉంటాయి కాబట్టి కొన్నేళ్లకోసారి మళ్లీ నడపాలి. అప్పుడు అక్కరకొచ్చేది మంచి మూల బొమ్మే, కుదించిన పీడీఎఫ్ కాదు. పుస్తకం మొత్తం దిద్దించే స్తోమత లేకపోతే విషయసూచికలూ, శీర్షికలూ, పేర్లూ దిద్దించండి. నా అనుభవంలో పరిశోధకులు ఎక్కువగా వెతికేవి అవే.

ఓసీఆర్ చేయక బొమ్మగానే మిగిలిన, అక్షరాలు లేని పీడీఎఫ్ ఇంకొకరికి కూడా మూగదే. చూపు లేని విద్యార్థి వాడే, తెరమీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది ఖాళీ కాగితం. 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందం అలాంటి పాఠకుల కోసం కాపీరైటులో మినహాయింపులు పెట్టమని దేశాలను కోరింది. 2014లో దాన్ని మొట్టమొదట ఆమోదించింది భారతదేశం. చట్టం దారి ఇచ్చినా ఫైలులో అక్షరాలు లేకపోతే ఏం ప్రయోజనం?

కాపీరైటు అనగానే కమిటీల్లో ఒక రకమైన టెన్షన్ మొదలవుతుంది. దాని ఫలితం రెండు రకాలు. ఒకటి, అన్నీ తాళం వేసి దాచడం, 1880ల నాటి పుస్తకాన్ని కూడా. రెండోది, ఎవరు అడుగుతారులే అని అన్నీ బయట పెట్టేయడం, ఎవరో అడిగిన రోజున సైటు మొత్తం మూసేయడం. రెండూ సోమరితనమే. పుస్తకం పుస్తకానికీ నిర్ణయం తీసుకోవాలి. రచయిత మరణం తర్వాత హక్కు భారతదేశంలో 60 ఏళ్లు ఉంటుంది, ఐరోపా సమాఖ్యలో 70. అంటే రచయిత ఎప్పుడు పోయాడో కనుక్కోవడం కూడా డిజిటైజేషన్‌లో భాగమే. హక్కుదారు ఎవరో, బతికున్నారో లేదో తేలని పుస్తకాలు ఉండనే ఉంటాయి. థీసిస్ అయితే రాసినవాళ్లను అడగడం పెద్ద కష్టం కాదు, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

తాళానికీ బహిరంగానికీ మధ్య చోటుందని కోర్టులే చూపించాయి. హాథీట్రస్ట్ మీద రచయితల సంఘం వేసిన కేసులో 2014లో అమెరికా అప్పీలు కోర్టు, పుస్తకమంతటా పదాలు వెతకనివ్వడం, అచ్చు చదవలేని వైకల్యం ఉన్నవాళ్లకు పూర్తి ప్రతి ఇవ్వడం న్యాయమైన వాడకమేనంది, అంటే హక్కుదారు అనుమతి అక్కర్లేదని. అదే ఏడాది జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం మీద ఒక ప్రచురణకర్త వేసిన కేసులో ఐరోపా న్యాయస్థానం, గ్రంథాలయం తన పుస్తకాన్ని స్కాన్ చేసి లోపలి కంప్యూటర్లలో చదువుకోనివ్వవచ్చని చెప్పింది. ప్రింటు తీసుకోవడానికీ యూఎస్‌బీలో పట్టుకెళ్లడానికీ ఆ మినహాయింపు వర్తించదని కూడా చెప్పింది. మీ దేశపు చట్టం వేరు కావచ్చు. కానీ పూర్తిగా చూపించలేని పుస్తకంలో ఫలానా మాట 112వ పేజీలో ఉందని చెప్పగలిగినా పాఠకుడికి సగం పని అయిపోతుంది. మిగతా సగానికి అతను గ్రంథాలయానికి వస్తాడు.

వస్తే అక్కడ పుస్తకం ఉండాలి కదా. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఈ దశే. స్కాన్ అయిపోయింది, ఇక ఈ పాత సరుకు ఎందుకు, ర్యాకులు ఖాళీ చేస్తే చదువుకునే హాలు పెద్దదవుతుంది అనే మాట. ఆ మాట అనేవాళ్ల చేతిలో ఒక నిజం ఉంది, కాదనను. 19వ శతాబ్దం మధ్య నుంచి కలపగుజ్జుతో, పటికా రాళా కలిపి చేసిన కాగితంలో ఆమ్లం ఉంటుంది. అది లోలోపల కాగితాన్ని తింటుంది, మూల మడిస్తే విరిగి చేతికొస్తుంది. అలాంటి పుస్తకాన్ని స్కాన్ చేయడం అత్యవసరం. అయితే చదివేవాళ్లకు స్కాన్ ఇచ్చి పుస్తకానికి విశ్రాంతి ఇవ్వడం వేరు, పుస్తకాన్ని తూకానికి అమ్మేయడం వేరు.

ఎంత బాగా స్కాన్ చేసినా కొన్ని ప్రశ్నలకు జవాబు కాగితం దగ్గరే ఉంటుంది. కుట్టు ఎలా ఉంది, తర్వాత అతికించిన పేజీ ఏది, మార్జిన్‌లో పెన్సిలుతో వాదించిన చదువరి ఎవరు. వర్జీనియా విశ్వవిద్యాలయం 2014లో మొదలుపెట్టిన బుక్ ట్రేసెస్ ప్రాజెక్టు ఇలాంటి చేవ్రాతల కోసం మామూలు అలమరల్లోని 19వ శతాబ్దపు పుస్తకాలనే వెతికింది. 'మరో గ్రంథాలయం స్కాన్ చేసింది కాబట్టి మన ప్రతి అక్కర్లేదు' అన్నప్పుడు పోయేవి ఇవే.

వాడకం దృష్టితో చూసినా కాగితం కావాలి. 2020లో కోవిడ్ వల్ల గ్రంథాలయాలు మూతపడ్డప్పుడు హాథీట్రస్ట్ అత్యవసరంగా కాపీరైటులో ఉన్న పుస్తకాలను కూడా సభ్య విశ్వవిద్యాలయాల పాఠకులకు తెరిచింది. షరతు ఏమిటంటే, ఆ గ్రంథాలయం దగ్గర ఎన్ని అచ్చు ప్రతులుంటే ఒకేసారి అంతమందికే. అంటే అచ్చు ప్రతిని పారేసినవాళ్లకు ఆ రోజున స్కానూ లేదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే, ఆన్‌లైన్ కేటలాగు మళ్లీ వెతకడానికి వీలుగా తిరిగొచ్చింది 2024 జనవరిలో. అంత పెద్ద సంస్థకే ఆ గతి పట్టింది. ఇతరుల సర్వర్ మీద అద్దెకున్న మన విభాగపు సైటు ఏ పాటిది?

ఇక సైటు విషయం. ప్రాజెక్టు నిధులు అయిపోగానే సాఫ్ట్‌వేర్ మారుస్తారు, లింకులన్నీ చస్తాయి. ఎవరి సిద్ధాంతవ్యాసంలోనో పేజీ అడుగున ఇచ్చిన చిరునామా నొక్కితే హోమ్‌పేజీ వస్తుంది. మారని చిరునామాలు ఇచ్చే పద్ధతులు, హ్యాండిల్ అనీ డీఓఐ అనీ, ఎప్పటినుంచో ఉన్నాయి. ఫైళ్లు వేర్వేరు చోట్ల కనీసం మూడు ప్రతులు ఉండాలన్నదీ, అవి చెడకుండా ఉన్నాయో లేదో చెక్‌సమ్‌తో, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్యతో, అప్పుడప్పుడూ పరీక్షించాలన్నదీ కొత్త సంగతులు కావు. స్టాన్‌ఫర్డ్ వాళ్లు లాక్స్ అనే పద్ధతి 1999లోనే మొదలుపెట్టారు. ఒకే విషయాన్ని అనేక గ్రంథాలయాలు దాచుకుని ఒకదాని ప్రతితో ఒకటి సరిచూసుకోవడం దాని సూత్రం. తెలియక కాదు, చేసే మనిషి లేక ఆగిపోతున్నాయి.

నేను అడిగేది ఆ మనిషినే. స్కాన్‌లో 214వ పేజీ లేదని ఏ మూల నుంచో ఒక పాఠకుడు రాస్తే, అది చదివి, అలమర దగ్గరికి వెళ్లి, పుస్తకం తీసి, ఆ ఒక్క పేజీ మళ్లీ తీసి, ఫైలు మార్చి, మార్చినట్టు తేదీతో సహా నమోదు చేసి, ఆ పాఠకుడికి జవాబు రాసే ఉద్యోగి. కాంట్రాక్టు ముగిశాక కూడా ఉండే ఉద్యోగి. అలాంటి పోస్టు శాంక్షన్ చేయించడం ఎంత కష్టమో కమిటీల్లో కూర్చున్నవాళ్లు నాకు చెప్పనక్కర్లేదు. స్కానర్‌కి డబ్బు ఒక్కసారి పెడితే చాలు, పైగా దాని పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. జీతం ఏటా ఇవ్వాలి. అయినా సరే, ఆ పోస్టు లేకుండా రెండో స్కానర్ కొంటామంటూ కాగితం తయారుచేస్తే, పాఠకుడిగా నన్ను అభిప్రాయం అడిగితే, వద్దనే రాస్తాను.